యోహాను మూడు పదహారు: ఆ నంబరు వేసిందెవరు?

సండేస్కూలు పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా యోహాను మూడు పదహారు గడగడా అప్పజెప్తారు. ఆ సువార్త రాసినాయన్ని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ఆయన రాసినదాంట్లో మూడో అధ్యాయమూ లేదు, పదహారో వచనమూ లేదు. ఆ మాటకొస్తే పదానికీ పదానికీ మధ్య జాగా కూడా లేదు. తొలినాటి గ్రీకు ప్రతుల్లో అక్షరాలన్నీ సందు లేకుండా బారులు తీరి ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మొదలెట్టాలో చదివేవాడే చూసుకోవాలి.

అధ్యాయాలు వచ్చింది పదమూడో శతాబ్దం మొదట్లో. పారిస్‌లో పాఠాలు చెప్పి, తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన స్టీఫెన్ లాంగ్టన్ చేసిన విభజనే కొద్ది మార్పులతో ఇవాళ మన చేతుల్లో ఉంది. 1215లో ఇంగ్లండు రాజు మెడలు వంచి మాగ్నా కార్టాకు ఒప్పించిన వాళ్లలో ఈయనా ఒకడు. వచనాల నంబర్లకు ఇంకో మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. రాబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో జెనీవాలో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే నంబర్లు తొలిసారి కనిపించాయి. పారిస్ నుంచి లియోన్ వెళ్లే దారిలో నాన్న ఈ పని చేశాడని ఆయన కొడుకు రాశాడు. అది పట్టుకుని, గుర్రం కుదిపినచోటల్లా కలం జారి ఒక వచనం తెగిందని పండితులు ఇప్పటికీ నవ్వుకుంటారు. గుర్రం మీద కాదు, దారిలో బసచేసిన చోట కూర్చుని రాసి ఉంటాడని మర్యాదస్తుల వాదన. తెగిన చోట్లు చూస్తే నాకు గుర్రమే నచ్చుతుంది.

అధ్యాయాలు తెగిన చోట్లూ అంతంతమాత్రమే. సృష్టి జరిగింది ఒక వారం. అందులో ఆరు రోజులు ఆదికాండము మొదటి అధ్యాయంలో పడ్డాయి, విశ్రాంతి రోజు ఒక్కటీ రెండో అధ్యాయంలోకి జారిపోయింది. మొదటి కొరింథీయుల పత్రిక పదకొండో అధ్యాయం మొదటి వచనం నిజానికి పదో అధ్యాయానికి ముగింపు. మంచి శుక్రవారం నాడు అందరూ తెరిచే యెషయా యాభై మూడు కూడా మధ్యలో మొదలైనదే. ఆ సేవకుని గీతం మూడు వచనాలు ముందు, యాభై రెండో అధ్యాయం పదమూడో వచనం దగ్గరే ఎత్తుకుంటుంది. అధ్యాయం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టే అయ్యగార్లు ఆ మూడు వచనాల్నీ ఏటా గాలికి వదిలేస్తున్నారు.

నంబర్లు అందరికీ ఒకటి కావు

కీర్తనల గ్రంథంలో కొన్ని కీర్తనల మీద దావీదు పేరూ, ప్రధానగాయకుడి ప్రస్తావనా ఉన్న చిన్న శీర్షికలు ఉంటాయి కదా. యూదుల హీబ్రూ బైబిళ్లలో అదీ వచనంగానే లెక్క. మన యాభై ఒకటో కీర్తన మొదటి వచనం వాళ్లకు మూడో వచనం. ప్రాచీన గ్రీకు బైబిలు తొమ్మిదో కీర్తననూ పదో కీర్తననూ కలిపేసింది, అక్కణ్ణుంచి ఒకటి తగ్గుతూ పోతుంది. పాత కాథలిక్కు బైబిళ్లలో కాపరి కీర్తన కోసం ఇరవై మూడు తెరిస్తే అది కనిపించదు. ఇరవై రెండు తెరవాలి.

ముప్పై వేల తేడాలు, ఒక కుర్రాడి బెంగ

1707లో ఆక్స్‌ఫర్డు పండితుడు జాన్ మిల్ ముప్పై ఏళ్లు చాకిరీ చేసి గ్రీకు కొత్త నిబంధన పరిష్కరణ ఒకటి అచ్చువేయించాడు. చేతికందిన రాతప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ తేడా ఉందో పేజీల కింద రాస్తూ పోయాడు. లెక్క తేలితే దాదాపు 30,000. పుస్తకం బయటికొచ్చిన కొద్ది రోజులకే ఆయన కన్నుమూశాడు. గోల మాత్రం తర్వాత చాలా ఏళ్లు నడిచింది. నాస్తికులు పండగ చేసుకున్నారు, భక్తులు తిట్టిపోశారు.

జర్మనీలో యోహాన్ ఆల్‌బ్రెష్ట్ బెంగెల్ అనే భక్తిపరుడైన విద్యార్థికి ఇది మనోవ్యాధి అయ్యింది. దేవుని వాక్యంలో ఇన్ని తేడాలా అని కుమిలిపోయాడు. కుమిలిపోయి ఊరుకోలేదు, కూర్చుని ఒక్కొక్కటే తూచాడు. తేడాల్లో అత్యధికం అక్షరదోషాలూ, పదాల వరస మారడాలూ అని తేల్చుకున్నాడు. అప్పుడే ఒక సూత్రం చెప్పాడు: రెండు పాఠాలుంటే, మింగుడుపడని పాఠమే పాతది అయ్యుండటానికి ఎక్కువ అవకాశం. ఎందుకంటే లేఖకుడు కష్టమైనదాన్ని తేలిక చేస్తాడు గానీ తేలికైనదాన్ని కష్టం చేయడు. మార్కు సువార్త మొదటి అధ్యాయం రెండో వచనం చూడండి. పాత ప్రతుల్లో అక్కడ యెషయా పేరు ఉంది, కానీ ఉదహరించిన మాటల్లో మొదటి ముక్క మలాకీది. తర్వాతి లేఖకులు ఈ ఇబ్బంది గమనించి యెషయా పేరు తీసేసి, ప్రవక్తలు అని బహువచనం పెట్టి సర్దేశారు. బెంగెల్ కొలబద్దతో చూస్తే ఇబ్బందిపెట్టేదే అసలు పాఠం. మూడు వందల ఏళ్లు కావస్తున్నా పరిష్కర్తల చేతిలో ఈ సూత్రం ఇంకా నడుస్తోంది.

ఇంత జాగ్రత్తపరుడూ ప్రకటన గ్రంథం దగ్గరకొచ్చేసరికి తూకం తప్పాడు. క్రీస్తు వెయ్యేళ్ల పాలన 1836లో మొదలవుతుందని లెక్కగట్టాడు. 1836 వచ్చింది, వెళ్లింది. అప్పటికి ఆయన పోయి ఎనభై నాలుగేళ్లు.

ప్రతులు పోల్చి పాఠం తేల్చే పని తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితులకు జీతాలిచ్చి వేమన పద్యాలకూ ప్రబంధాలకూ చేయించింది ఇదే. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో క్రైస్తవ గురువు.

గడ్డి ఎండిపోయిన చోట

లేఖకుడి కన్ను ఎలా జారుతుందో చూడాలంటే మృత సముద్రపు చుట్టల్లోని యెషయా చుట్టను మించింది లేదు. పొడవు ఏడు మీటర్ల పైచిలుకు, పదిహేడు తోలు ముక్కలు కలిపి కుట్టారు, యాభై నాలుగు కాలమ్‌లలో రాత. నలభయ్యో అధ్యాయంలో గడ్డి ఎండిపోవడం, పువ్వు వాడిపోవడం గురించిన మాటలు రెండుసార్లు వస్తాయి. లేఖకుడు మొదటిసారి రాసి తలెత్తాడు. మళ్లీ చూసేసరికి కన్ను రెండోచోట పడింది. మధ్యలోదంతా ఎగిరిపోయింది. తర్వాత ఇంకెవరో పట్టుకుని, వదిలేసిన మాటల్ని వరసల మధ్యన ఇరికించి, జాగా చాలక పక్క అంచు వెంట కిందికి రాసుకుంటూ పోయారు. రెండు వేల ఏళ్ల నాటి ఆ సవరణ ఫొటోలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ చుట్టలు 1946-47 ప్రాంతంలో కుమ్రాన్ దగ్గర ఒక గుహలో బెదూయిన్ పశువుల కాపరులకు దొరికాయి. తర్వాత పదకొండు గుహల్లో వందల కొద్దీ ప్రతుల ముక్కలు బయటపడ్డాయి. హీబ్రూ బైబిల్లో ఎస్తేరు గ్రంథం ఒక్కటి తప్ప మిగతావన్నీ ముక్కో చెక్కో దొరికాయి. మొదట దొరికిన వాటిలో నాలుగు యెరూషలేములోని సిరియన్ ఆర్థడాక్స్ మెట్రోపాలిటన్ మార్ శామ్యూల్ చేతికొచ్చాయి. ఆయన వాటిని అమెరికా తీసుకెళ్లాడు. మంచి బేరం రాలేదు. చివరికి 1954 జూన్ 1న వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ఓ చిన్న క్లాసిఫైడ్ ప్రకటన ఇచ్చారు. ఏ శీర్షిక కిందో తెలుసా? అమ్మకానికి ఇతర వస్తువులు! అదృష్టం కొద్దీ ఇజ్రాయెల్ పురావస్తు పండితుడు యిగాయెల్ యాదిన్ అప్పుడు అమెరికాలోనే ఉన్నాడు. తన పేరు బయటికి రాకుండా మధ్యవర్తుల్ని పెట్టి 2,50,000 డాలర్లకు కొన్నాడు. వాళ్ల నాన్న సుకెనిక్ 1947లోనే మిగతా మూడు చుట్టలు కొని, ఈ నాలుగూ దక్కలేదన్న దిగులుతోనే పోయాడు.

వైద్యుడి అనుమానం

మోషే పంచకాండాల వెనుక వేర్వేరు మూలాలున్నాయన్న వాదానికి బాట వేసినవాడు మతపండితుడు కాదు, వైద్యుడు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ దగ్గర పనిచేసిన జాన్ ఆస్త్రుక్. సుఖవ్యాధుల మీద ఆయన రాసిన గ్రంథం ఆ రోజుల్లో యూరపంతటా పేరు మోసింది. 1753లో పేరు వేసుకోకుండా ఆదికాండము మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన గమనించినది తెలుగు బైబిలు చేతిలో ఉన్న ఎవరైనా గమనించవచ్చు. మొదటి అధ్యాయం పొడుగునా దేవుడు అనే ఉంటుంది. రెండో అధ్యాయం నాలుగో వచనం దగ్గర్నుంచి యెహోవా పేరు వచ్చి చేరుతుంది. అక్కణ్ణుంచి కథనమే మారిపోతుంది. మొదటిదాంట్లో చెట్లూ జంతువులూ అయ్యాక మనిషి, రెండోదాంట్లో మనిషి అయ్యాక తోట. జలప్రళయం దగ్గర ఇంకా తమాషా. ఓడలోకి అన్ని జంతువుల్నీ రెండేసి ఎక్కించమని ఒకచోట, పవిత్ర జంతువుల్ని ఏడేసి ఎక్కించమని ఇంకోచోట. వాన నలభై రోజులు, నీళ్లు నూటయాభై రోజులు.

ఆస్త్రుక్ దీన్ని మోషేను కాదనడానికి చెప్పలేదు. మోషే ముందు పాత పత్రాలు కొన్ని ఉన్నాయి, ఆయన వాటిని వరసగా పేర్చాడు, ఆ వరసను తర్వాతి లేఖకులు కలగాపులగం చేశారు అన్నాడు. మోషేను వెనకేసుకు రావడమే ఆయన ఉద్దేశం. నూటపాతికేళ్ల తర్వాత అదే దారంటా నడిచిన యూలియుస్ వెల్‌హౌజెన్, పంచకాండాలు నాలుగు వేర్వేరు కాలాల మూలాల కూర్పు అన్న సిద్ధాంతానికి స్థిరరూపం ఇచ్చాడు. ఆ మూలాల్ని ఎక్కడ విడగొట్టాలో, అసలు నాలుగేనా అన్నది ఇప్పటికీ తగవే.

నాకు వెల్‌హౌజెన్ సిద్ధాంతం కన్నా ఆయన రాజీనామా ఎక్కువ గుర్తుంటుంది. 1882లో గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో వేదాంత ఆచార్య పదవి తనంతట తానే వదిలేశాడు. తన శిష్యులు సంఘాల్లో కాపరులుగా పనిచేయాల్సినవాళ్లు, తన పాఠాలు వాళ్లను ఆ పనికి సిద్ధం చేయకపోగా పనికిరాకుండా చేస్తున్నాయని ఆయనకు అనిపించింది. హాలే వెళ్లి సెమిటిక్ భాషలు చెప్పుకున్నాడు. అంత నిజాయితీగా కుర్చీ దిగినవాళ్లు ఏ పక్షంలోనైనా ఎందరుంటారు?

సినాయి కొండ కింద

1844లో కాన్‌స్టాంటీన్ టిషెన్‌డార్ఫ్ అనే జర్మన్ పండితుడు సినాయి కొండ కింద సెయింట్ కాథరీన్ మఠానికి వెళ్లాడు. అక్కడ పొయ్యిలోకి పోబోతున్న చెత్తబుట్టలో అతి పురాతన తోలు పత్రాలు కనిపించాయని ఆయన రాసుకున్నాడు. మఠంవాళ్లు ఈ చెత్తబుట్ట కథ వింటే ఇప్పటికీ మండిపడతారు. అప్పుడు 43 పత్రాలు తీసుకెళ్లాడు. 1859లో మళ్లీ వచ్చి మిగతాది చూశాడు, అది కాస్తా రష్యా చక్రవర్తికి చేరింది. 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి లక్ష పౌండ్లకు అమ్మింది. 1975లో మఠంలోనే ఒక గోడ వెనక ఇంకొన్ని పత్రాలు దొరికాయి. ఇప్పుడు ఒకే పుస్తకం లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సినాయి నాలుగు చోట్లా ముక్కలై ఉంది.

నాలుగో శతాబ్దపు ఈ ప్రతిలో మార్కు సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు భయపడి సమాధి దగ్గర్నుంచి పారిపోతారు, అంతే. అదే కాలపు వాటికన్ ప్రతిలోనూ అంతే. మనం చదివే తర్వాతి పన్నెండు వచనాలూ వాటిలో లేవు. పాములను ఎత్తిపట్టుకోవడం గురించిన మాట ఉన్నది ఆ పన్నెండింట్లోనే. దాన్ని అక్షరాలా పట్టుకుని అమెరికాలోని అపలేచియన్ కొండల్లో కొన్ని చిన్న సంఘాలు ఆరాధనలో నిజంగానే విషసర్పాలను చేతపట్టాయి. కాటు తిని చనిపోయిన కాపరులూ ఉన్నారు. పాఠపరిష్కరణ పుస్తకాల పురుగుల వ్యవహారం అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

ఎరాస్మస్ తొందర. 1516లో గ్రీకు కొత్త నిబంధనను తొలిసారి అచ్చేసి అమ్మకానికి పెట్టిన ఎరాస్మస్‌కు ప్రకటన గ్రంథానికి దొరికింది ఒకే ఒక్క ప్రతి. దాని ఆఖరి పత్రం చిరిగిపోయింది. చివరి ఆరు వచనాలనూ లాటిన్ చూసి తనే గ్రీకులోకి మార్చేశాడు. అందులో కొన్ని మాటలు అంతకుముందు ఏ గ్రీకు ప్రతిలోనూ లేనివి.

అచ్చుతప్పుకు జరిమానా. 1631లో లండన్‌లో అచ్చయిన బైబిల్లో పది ఆజ్ఞల దగ్గర కూడదన్న ఒక్క మాట జారిపోయి, వ్యభిచారం చేయాల్సిందే అన్నట్టు అచ్చయింది. రాజుగారి ముద్రాపకులకు 300 పౌండ్ల జరిమానా పడింది. మిగిలిన ప్రతులకు ఇప్పుడు వేలంలో లక్షల ధర.

ఎర్రసిరా

యేసు మాటల్ని ఎర్ర అక్షరాల్లో అచ్చువేయడం పాత సంప్రదాయమని చాలామంది అనుకుంటారు. దాని వయసు నూటపాతికేళ్లు. న్యూయార్కులో క్రిస్టియన్ హెరాల్డ్ పత్రిక నడిపిన లూయిస్ క్లోప్ష్ లూకా సువార్తలో రక్తం గురించిన వచనం చదువుతుండగా తట్టిన ఆలోచన అది. 1899లో కొత్త నిబంధన, 1901లో బైబిలు మొత్తం అలా వేశాడు. ఈయనే 1900 నాటి మన దేశపు కరువుకు తన పత్రికలో చందాలు పోగుచేసి ఓడలో ధాన్యం పంపినవాడు.

ఎర్రసిరాతో ఒక చిక్కుంది. గ్రీకులో కొటేషన్ గుర్తులు లేవు. యోహాను మూడో అధ్యాయంలో నీకొదేముతో యేసు మొదలుపెట్టిన మాట ఎక్కడ ముగిసిందో మూలంలో ఎక్కడా లేదు. పదిహేనో వచనంతో ఆయన మాట అయిపోయింది, పదహారు నుంచి సువార్త రాసినవాడి వ్యాఖ్యానం అనే పండితులు గట్టిగానే ఉన్నారు. అంటే ప్రపంచమంతా కంఠతా పట్టిన ఆ వచనం యేసు నోటిదా, యోహాను కలానిదా అన్నది తేలని సంగతి. ఎర్రసిరా వాడినవాడు మాత్రం తేల్చేశాడు!

నాలుగెందుకు, ఒకటి చాలదా?

రెండో శతాబ్దంలోనే తాతియాను అనే సిరియావాడికి ఈ ప్రశ్న వచ్చింది. నాలుగు సువార్తల్నీ విడదీసి, ఒకే వరస కథగా అల్లేశాడు. సిరియా సంఘాల్లో రెండు మూడు వందల ఏళ్ల పాటు అదే సువార్తగా చదివారు. అయిదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్పు తన అధికారం కింద ఉన్న ఊళ్లలో రెండు వందలకు పైగా ప్రతులు ఏరి పక్కన పెట్టించి, వాటి స్థానంలో నాలుగు విడి సువార్తలు ఇప్పించాడు.

పద్దెనిమిదో శతాబ్దంలో గ్రీస్‌బాఖ్ అందుకు సరిగ్గా తలకిందులుగా చేశాడు. మత్తయి, మార్కు, లూకాలను కలపకుండా పక్కపక్క కాలమ్‌లలో పెట్టి అచ్చువేశాడు. ఆ ఒక్క పనితో బొమ్మ మారిపోయింది. మార్కులోని విషయం పదింట తొమ్మిది వంతుల దాకా మత్తయిలో ఏదో రూపంలో ఉందని కళ్లకు కట్టింది. ఎవరు ఎవర్ని చూసి రాశారు? గ్రీస్‌బాఖ్ మార్కే చివరివాడన్నాడు. ఇవాళ ఎక్కువమంది మార్కే మొదటివాడంటారు. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూసినవాణ్ణి పట్టుకునే మాస్టారి పని ఇది: ఎక్కడ తప్పు దిద్దుకున్నాడో చూస్తే దొరికిపోతాడు.

వేదాంతి డాక్టరయ్యాడు

ఆల్బర్ట్ ష్వైట్‌జర్ అంటే మనకు ఆఫ్రికాలో ఆస్పత్రి పెట్టిన మహానుభావుడు, నోబెల్ శాంతి బహుమతి. అంతకుముందే ఆయన బైబిలు పండితుల్లో దిగ్గజం. చరిత్రలోని యేసు కోసం నూరేళ్లకు పైగా సాగిన వెతుకులాటను 1906లో ఒక పుస్తకంలో ఏకిపెట్టాడు. వెతికిన ప్రతివాడూ తన కాలానికి నచ్చే యేసునే కనుక్కున్నాడని తేల్చాడు. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికే మెడికల్ కాలేజీలో చేరిపోయాడు. వైద్యపట్టా కోసం రాసిన థీసిస్ కూడా యేసు మీదే. యేసుకు మతి చెడిందన్న కొందరు మానసిక వైద్యుల రాతల్ని అందులో తూర్పారబట్టాడు. 1913లో లంబరేనే వెళ్లిపోయాడు.

యూనీయ

రోమా పత్రిక పదహారో అధ్యాయాన్ని వందనాల చిట్టా అని చాలామంది దాటేస్తారు. పండితులకు అదో గని. పౌలు నోట చెబుతుంటే పత్రిక రాసిపెట్టిన తెర్తియు తన వందనం తనే దూర్చుకున్నది అక్కడే. ఉత్తరం పట్టుకెళ్లి ఉంటుందని భావించే ఫీబే కనిపించేదీ అక్కడే. ఏడో వచనంలో అపొస్తలులలో ప్రసిద్ధికెక్కిన అంద్రొనీకు, యూనీయ అనే జంట ఉంది. నాలుగో శతాబ్దంలో క్రిసోస్తొము ప్రసంగిస్తూ యూనీయను స్త్రీగానే భావించి, అపొస్తలురాలనిపించుకునేంత గొప్పదని మెచ్చుకున్నాడు. తర్వాతి కాలంలో ఆమెను మగవాణ్ణి చేశారు. ఆ మగపేరు పెట్టుకున్న మనిషి ప్రాచీన రోమన్ రాతల్లో ఒక్కడంటే ఒక్కడు కనపడలేదు, ఆ ఆడపేరు మాత్రం వందలసార్లు ఉంది. 1998 ముద్రణ నుంచి ప్రామాణిక గ్రీకు పాఠంలో ఆమె మళ్లీ స్త్రీ అయ్యింది. ఇవాళ స్త్రీలకు గురుత్వం ఇవ్వవచ్చా అన్న సంఘాల చర్చల్లో ఈ ఒక్క పేరు ఎంత పని చేస్తోందో చెప్పనక్కర్లేదు.

హాలేలో తెలుగు అచ్చు

తెలుగులో తొలి అచ్చుపుస్తకాలు వెలువడింది మద్రాసులో కాదు, జర్మనీలోని హాలేలో, 1746-47 ప్రాంతంలో. మద్రాసులో పనిచేసి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ వేయించిన చిన్న మతగ్రంథాలవి. ఆయన చేసిన బైబిలు అనువాదం మాత్రం రాతప్రతిగానే ఉండిపోయింది. విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు కుడిభుజం. 1810 నాటికి ఇద్దరు మిషనరీలూ పోయారు. మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అట్ట మీద మిషనరీ పేరే నిలిచింది గానీ, తెలుగు సొంపు ఎవరిదో ఊహించుకోవచ్చు.

సంఘం నోట నానింది అనువాదం కన్నా కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్ల పాటల పైన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ రాగం, తాళం పేర్లు ఉంటాయి. కీబోర్డులూ ప్యాడ్‌లూ వచ్చాక వాటిని చదివేవాళ్లు తగ్గారు, అది వేరే గొడవ.

గుండ్లకమ్మ ఒడ్డున 2,222

ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు కొంత తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరేసి వంతున నీళ్లలో దిగారు. ఈ ఉద్యమానికి నాంది పలికింది మాత్రం క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు.

పేరయ్య తరంవాళ్ల కథలను ఇంగ్లీషులో గ్రంథస్థం చేసింది క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. బెర్న్‌లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసిన మనిషి. ఈమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ 1907లో రాసిన పుస్తకంతో అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రధాన గొంతుక అయ్యాడు. న్యూయార్కు మురికివాడల్లో ఆయన పనిచేస్తుంటే, ఒంగోలు మాదిగపల్లెల కథలు అక్క రాస్తోంది. వేదాంత చరిత్రలు తమ్ముడి దగ్గరే ఆగిపోతాయి.

వందేళ్ల తర్వాత ఆ పల్లెల వాళ్ల వైపు నుంచి బైబిలు చదివే పద్ధతి ఒకటి గట్టిగా తలెత్తింది. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగాన్ని దళిత వేదాంతానికి మొదలుగా చెబుతారు. ఆయన పట్టుకున్నది ద్వితీయోపదేశకాండము ఇరవై ఆరో అధ్యాయం. మా తండ్రి ఊరూపేరూ లేని దేశదిమ్మరి అని గుడిలో ఒప్పుకున్నాకే ఇశ్రాయేలీయుడు తన అర్పణ ఇవ్వాలి. మనమూ మన పూర్వపు అవమానాన్ని దాచుకోకుండా చెప్పడం దగ్గరే మొదలుపెట్టాలన్నాడు నిర్మల్. ఈ మాటలు పుట్టకముందే తెలుగులో కవి జాషువా ఉన్నాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

క్లౌ కాలువ పనిలాగే మెదక్ చర్చి కూడా కరువు పనే. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించాడు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. గోపురం ఎత్తు 175 అడుగులు. రంగుటద్దాల కిటికీల వెనక సూర్యుడు ఉన్నంతసేపే బొమ్మలు వెలుగుతాయి, పొద్దు వాలాక వెళ్లినవాళ్లకు నల్లటి అద్దాలే. డోర్నకల్ దారి వేరు. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య అక్కడ గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన చర్చి కట్టించి 1939లో ప్రారంభించాడు. ఆయన పాతికేళ్లు పాటుపడ్డ సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ.గా రూపుకట్టింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు దాటింది.

ఈస్టరు ఎప్పుడు?

క్రిస్మస్ కదలదు, ఈస్టరు నిలవదు. మార్చి 21నో ఆ తర్వాతో వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం అన్నది లెక్క. ఆ పున్నమి కూడా ఆకాశంలోది కాదు, చర్చి పట్టికల్లోది. ఒక్కోసారి రెంటికీ రోజు తేడా వస్తుంది. ఈ లెక్కన ఈస్టరు మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఆ ఆఖరి తేదీన చివరిసారి వచ్చింది 1943లో. మళ్లీ 2038లో. ఆ ఏడు బెజవాడలో సమాధుల తోటలో తెల్లవారుజాము ఆరాధన బాగానే జరుగుతుంది గానీ, పదకొండు గంటల ఆరాధన పెట్టుకునే సంఘాలు షామియానాకు ఇప్పటినుంచే చందాలు మొదలుపెట్టుకోవాలి.